ఇంజన్ ఒక్కటే మారిస్తే సరిపోదు
పాత జెట్ స్కీలో (నీటి మీద నడిచే స్కూటర్) అదే కంపెనీ పెద్ద ఇంజన్ బిగిస్తే చాలు, పవర్ ఎంత పెరిగితే వేగమూ అంతే పెరుగుతుందని ఒక వ్యాసంలో రాశారు. బోల్టులు సరిగ్గా కూర్చోవచ్చు, ఆ వేగం లెక్కనే నేను ఒప్పుకోను. నీటి మీద వేగం పెరిగేకొద్దీ కావలసిన పవర్ దాదాపు ఘనం లెక్కన పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపు కావాలంటే పవర్ ఎనిమిది రెట్లు కావాలి. 130 హార్స్‌పవర్ తీసేసి 260 పెట్టినా వేగం పావు వంతు పెరిగితే గొప్ప. అదైనా నీళ్లను వెనక్కి చిమ్మి బండిని తోసే పంపు ఆ పవర్‌ని నీటికి అందించగలిగితేనే. నేను చూసిన ఒక బండిలో ఇంజన్ మార్చి ఇంపెల్లర్ (పంపులో తిరిగే రెక్కల చక్రం) మాత్రం పాతదే ఉంచారు. థ్రాటిల్ నొక్కగానే మోత చెవులు పగలగొట్టేది, ఆర్‌పీఎం లిమిటర్ (ఇంజన్ మరీ వేగంగా తిరగకుండా ఆపే హద్దు) దాకా వెళ్లి కొట్టుకునేది, బండి మాత్రం తీరిగ్గా కదిలేది. పంపు విప్పి చూస్తే రెక్కల అంచులు పురుగు కొరికినట్టు గుంటలు పడి ఉన్నాయి. కేవిటేషన్ చేసే పని అదే. రెక్క మీద ఒత్తిడి పడిపోయి నీళ్లు ఆవిరి బుడగలవుతాయి, అవి చితికిపోతూ లోహాన్ని తినేస్తాయి. కొత్త ఇంజన్‌కి తగిన పిచ్ (రెక్కల వాలు) ఉన్న ఇంపెల్లర్, దాని చుట్టూ ఉండే వేర్ రింగ్ అరగనిది లేకుండా ఈ పని మొదలుపెట్టకూడదు. షాఫ్ట్ అలైన్‌మెంట్ (ఇంజన్, పంపు ఇరుసులు ఒకే గీతలో ఉండటం) గురించైతే ఆ వ్యాసంలో ఒక్క ముక్క లేదు! కాస్త తేడా ఉన్నా వైబ్రేషన్‌కి ఆ రెంటినీ కలిపే కప్లర్ అరుగుతుంది, సీలు పోయి బండి లోపలికి నీళ్లొస్తాయి. ఇక ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్), వైరింగ్ తలనొప్పి సరేసరి. నేనైతే ఆ డబ్బుతో కంపెనీ నుంచే పెద్ద ఇంజన్‌తో వచ్చిన సెకండ్ హ్యాండ్ బండి చూసుకుంటాను.