ముందు బందరు పోయింది, తర్వాత జీతాల బిల్లు వచ్చింది

కోఠీ రెసిడెన్సీ మీద పోస్టు పడితే చాలు, కామెంట్ల నిండా కర్క్‌పాట్రిక్, ఖైరున్నీసాల ప్రేమ ముచ్చటే. దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి, అంటే రెసిడెంటు, అయిన అదే పెద్దమనిషి 1798 సెప్టెంబరు 1న ఒకటి, 1800 అక్టోబరు 12న ఒకటి, కంపెనీ పటాలాన్ని నిజాం ఖర్చుతో పెట్టేలా నిజాం అలీ ఖాన్‌తో రెండు ఒప్పందాలు రాయించుకున్నాడు. ఆ కాగితాల ఊసు ఎవరూ ఎత్తరు. ఎత్తినా రెండే పాటలు: నిజాం ఇంగ్లీషోళ్ళకు అమ్ముడుపోయాడని ఒకరు, యుద్ధం లేకుండా రాజ్యం నిలబెట్టుకున్నాడని ఇంకొకరు. ఈ లొల్లిలో సిపాయిల జీతం ఎవరు కట్టారు, ఎక్కడి నుంచి తెచ్చి కట్టారు అని అడిగేవాడు కనబడడు.

ఆ లెక్క ఫ్రెంచివాళ్ళతో మొదలైంది. 1748లో మొదటి నిజాం పోయాడు, వారసులు కొట్టుకున్నారు, 1751లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఆయన కొడుకు సలాబత్ జంగ్‌ను గద్దె ఎక్కించాడు. బుస్సీ పటాలానికి నెల తిరిగేసరికి నగదు కావాలి. ఖజానాకు శిస్తు వచ్చేది పంట చేతికొచ్చాక, అదీ జాగీర్దార్లు తీసుకోగా మిగిలింది. బాకీ పేరుకుంది. 1753లో కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కార్లను (కోస్తా జిల్లాలను) జీతాల కింద రాసిచ్చారు. పటాలాన్ని అద్దెకు తెచ్చుకోవడం, జీతం బాకీ పడటం, బాకీకి జిల్లా రాసివ్వడం. ఈ పద్ధతి ఇంగ్లీషోళ్ళు రాకముందే ఇక్కడ ఖరారైంది.

కోస్తా జమీందార్లు తక్కువ తిన్నారా అంటే లేదు. 1757 జనవరిలో బుస్సీని బొబ్బిలి మీదికి తీసుకెళ్ళింది విజయనగరం పూసపాటివారు. మరుసటి ఏడాదే ఆ ఇంటి ఆనంద గజపతి, ఫ్రెంచివాళ్ళను వెళ్ళగొట్టమని ఇంగ్లీషోళ్ళకు కబురు పెట్టాడు. సైన్యం ఖర్చుకు నెలకు 50 వేలు ఇస్తానన్నాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర కర్నల్ ఫోర్డ్ గెలిచాడు గానీ రాజా పైసలు తీయలేదు, పటాలం వారాల తరబడి ముందుకు కదల్లేదు. 36 ఏళ్ళ తర్వాత, 1794 జులైలో, ఆనంద గజపతి వారసుడు విజయరామరాజు పద్మనాభం దగ్గర అదే కంపెనీ తుపాకులకు బలయ్యాడు. తగాదా పేష్కష్ (కప్పం) బకాయి మీదే.

నా లెక్కలో మలుపు మాత్రం బందరు. 1759 ఏప్రిల్‌లో ఫోర్డ్ మనుషులు రాత్రిపూట బురదలో నడిచి ఆ కోట పట్టుకున్నారు. సలాబత్ జంగ్ పెద్ద సైన్యంతో దగ్గర్లోనే ఉన్నాడు, అందుకోలేదు. వారం గడిచాక ఫ్రెంచి ఓడలు సైనికులతో వచ్చాయి, దిగడానికి రేవు లేక వెనక్కి పోయాయి. మే 14న సలాబత్ జంగ్ సంతకం పెట్టాడు: బందరు, నిజాంపట్నం ఇంగ్లీషోళ్ళకు, ఫ్రెంచివాళ్ళకు ఇక చోటు లేదు. 1766లో మిగతా సర్కార్లు కూడా పోయాయి. నిజాంకు పటాలం కావలసిన ఏడు కంపెనీ పంపాలి, అక్కర్లేని ఏడు 9 లక్షలు కట్టాలి. గుంటూరు 1788 దాకా ఆగింది. ఆ తర్వాత హైదరాబాదుకు సముద్రం లేదు. మద్రాసు వాళ్ళు బేరం పెంచితే ఇంకో తెల్లవాణ్ణి పిలుచుకునే దారి మూసుకుపోయింది.

నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి దొర రేమండ్ పటాలం సంగతి ఇక్కడే చూడాలి. ఫిరంగులు గన్‌ఫౌండ్రీలో పోతపోసుకున్నారు, సిపాయిలు పది వేలు దాటారు. కానీ ఫ్రాన్సు నుంచి ఓడ వచ్చే రేవు ఏది? 1798 మార్చిలో రేమండ్ పోయాడు, అక్టోబరులో పటాలాన్ని రద్దు చేశారు. ఆ రోజు సిపాయిలు తమ ఫ్రెంచి అధికారులనే పట్టుకుని నిలదీశారు, జీతం బకాయి తేల్చమని! గంటల్లో ఆయుధాలు కింద పెట్టించారు.

వాళ్ళ స్థానంలో వచ్చిన కంపెనీ సిపాయిలు 6,000. ఏడాదికి 24,17,100 రూపాయలు. రెండేళ్ళకు బలగాన్ని ఇంకా పెంచి, నగదు బదులు బళ్ళారి, అనంతపురం, కడప తీసుకున్నారు. టిప్పుతో పోరాడి 1792లో, 1799లో నిజాం సంపాదించిన వాటాలే అవి. కుడిచేత్తో పుచ్చుకుని ఎడమచేత్తో ఇచ్చేశాడు. పరాయి రాజులతో సొంతంగా మాట్లాడే హక్కూ ఆ కాగితంతోనే పోయింది.

అందులోనే ఇంకో షరతు: యుద్ధమొస్తే నిజాం తన సొంతవాళ్ళు 6,000 కాల్బలం, 9,000 గుర్రాలు పంపాలి. రెసిడెంట్ హెన్రీ రస్సెల్ ఈ మాట పట్టుకుని, మీవాళ్ళు పనికిరారు, మా ఆఫీసర్లతో తర్ఫీదు ఇస్తామన్నాడు. అదే హైదరాబాద్ కాంటింజెంట్. యుద్ధం లేని రోజుల్లో కూడా దాన్ని పోషించాలని ఒప్పందంలో లేదు. అయినా ఏటా 40 లక్షల దాకా మింగింది. హుకుం రెసిడెంటుది, జీతం నిజాంది.

ఒప్పుకున్నదెవరు? పేరుకు దివాను మునీరుల్ ముల్క్. పాలనలో వేలు పెట్టనన్న షరతు మీదే ఆ పదవి దక్కింది. పని నడిపింది పేష్కార్ (దివాను కింది అధికారి) చందూలాల్, ఆయనకు రెసిడెంటు అండ. కాంటింజెంటుకు వేళకు జీతం అందినంతకాలం ఆయన కుర్చీకి ఢోకా లేదు. అందుకే తాలూకాలు వేలం వేశాడు, పాడుకున్నవాడు రైతును పిండాడు. అది చాలక హైదరాబాదులోని వడ్డీవ్యాపార సంస్థ పామర్ కంపెనీ దగ్గర నూటికి పాతిక దాకా వడ్డీకి అప్పు. ఆ సంస్థ భాగస్వామి రంబోల్డ్, అప్పటి గవర్నర్ జనరల్ లార్డ్ హేస్టింగ్స్ (వారన్ హేస్టింగ్స్ కాదు) ఇంట పెరిగిన పిల్లకు మొగుడు. అమ్ముడుపోవడం అనే మాట వాడాలనుకుంటే ఇక్కడ వాడండి, దర్బారును, రెసిడెన్సీని కలిపి వాడండి.

తర్వాతి రెసిడెంటు మెట్‌కాఫ్ వచ్చి పామర్ లెక్క తేల్చాడు. ఎలా? కోస్తాకు ఈస్టిండియా కంపెనీ ఏటా కట్టాల్సిన, అప్పటికి 7 లక్షలకు దిగిన పేష్కష్‌ను నూటికి 6 చొప్పున మూలధనంగా మార్చి, 1,16,66,666 రూపాయలు ఒకేసారి ఇచ్చి, దాంతో బాకీ తీర్పించాడు. పోయిన సముద్రానికి వస్తున్న ఆఖరి కిరాయి కూడా అలా వడ్డీవ్యాపారికి చేరింది.

కాంటింజెంటు బాకీ మళ్ళీ పెరిగి 1853లో బేరారు, రాయచూరు దోఆబ్, ధారాశివ్ పోయాయి. 1860లో చివరి రెండూ తిరిగొచ్చాయి, బేరారు రాలేదు. దాని కోసం సాలార్ జంగ్ లండన్ దాకా వెళ్ళినా ఫలితం లేదు. 1902లో వైస్రాయి కర్జన్ ఏటా 25 లక్షలకు బేరారును శాశ్వత కౌలుగా రాయించుకున్నాడు. మరుసటి ఏడాది కాంటింజెంటును ఇండియన్ ఆర్మీలో కలిపేశారు. ఎవరి జీతాల కోసం బేరారు తీసుకున్నారో ఆ పటాలం లేదు, బేరారు మాత్రం వెనక్కి రాలేదు.