‘జరిగింది’ సరే, చేసిందెవరు?

మా పక్కింటి పెద్దాయన మొన్న ఓ ఉత్తరం పట్టుకుని వచ్చారు. ఆరోగ్య బీమా కంపెనీ నుంచి వచ్చింది. ‘మీ యొక్క పత్రములు లోపభూయిష్ఠముగా ఉన్నందున క్లెయిము తిరస్కరించడం జరిగినది. దయచేసి గమనించగలరు.’ ఆయన ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పిన మాస్టారు. ‘లోపభూయిష్ఠం అంటే నిండా తప్పులే అని కదా, నేను అన్ని తప్పులు ఏం చేశాను?’ అని బాధపడ్డారు. వెనక పేజీలో ఉన్న ఇంగ్లిష్ చదివితే అసలు సంగతి తేలింది. ఒక కాగితం మీద ఆస్పత్రి ముద్ర లేదు, అంతే. తెలుగులో రాసింది అర్థం కావడానికి తెలుగు మాస్టారు ఇంగ్లిష్ పేజీ తిప్పాల్సి వచ్చింది.

ఆఫీసు తెలుగులో అరిగిపోయిన మాటలు చాలానే ఉన్నాయి. ప్రతి సేవా ‘వినూత్నం’, ప్రతి పథకమూ ‘ప్రతిష్ఠాత్మకం’. ఇవి చెవికి విసుగే కానీ ఎవరి జేబుకూ చిల్లు పెట్టవు. నా పోరు ‘జరిగింది’తో, ‘బడును’తో. ‘రుసుము వసూలు చేయబడును’, ‘దరఖాస్తు తిరస్కరించడం జరిగింది’, ‘సేవలు నిలిపివేయబడ్డాయి’. ఈ వాక్యాల్లో పని ఉంది, చేసినవాడు లేడు. వసూలు చేసేది ఎవరు? తిరస్కరించింది ఏ అధికారి? ఎవరి దగ్గరికి వెళ్లి అడగాలి? ఇంట్లో, సంతలో మనం ఇలా మాట్లాడం. పాలవాడు ‘ఈరోజు పాలు పోయబడవు’ అనడు, ‘ఈరోజు పొయ్యలేనమ్మా’ అంటాడు. ఆ ఒక్క మాటలోనే బాధ్యత ఉంది. ఆఫీసు వాక్యం నుంచి తీసేసింది సరిగ్గా దాన్నే.

వ్యాపారానికి పనికొచ్చే తెలుగు మనకు లేదని ఎవరైనా అంటే, ఒక్కసారి ప్రామిసరీ నోటు తీసి చూడమంటాను. పల్లెల్లో పెద్దగా చదువుకోనివాళ్లు కూడా రాయించుకున్న కాగితం అది. ఫలానా ఊరి ఫలానా వారికి, ఫలానా వారు రాసి ఇచ్చినది అని మొదలవుతుంది. ఎంత రొక్కం ముట్టిందో అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి. నూటికి నెలకు ఎన్ని రూపాయల వడ్డీయో. మీరు కోరినప్పుడు మీకు గానీ, మీ ఆర్డరు పొందినవారికి గానీ అసలూ వడ్డీ చెల్లించి ఈ నోటు రద్దు చేసుకోగలవాడను. కింద సంతకం. ఇలాంటి నోట్ల కోసం చేసిన 1881 నాటి చట్టం కోరే షరతులన్నీ ఆ నాలుగు వాక్యాల్లోనే ఇమిడిపోతాయి. భాష పాతదే కావచ్చు, కానీ ఇచ్చింది ఎవరు, పుచ్చుకుంది ఎవరు, కట్టాల్సింది ఎవరు అన్న దాంట్లో సందేహం ఉండదు. ‘గలవాడను’ అని రాసినవాడు బాధ్యత తన నెత్తిన వేసుకున్నాడు. ‘గమనించగలరు’ అని రాసే ఆఫీసు దాన్ని మన నెత్తిన పెడుతోంది.

ఇలా సూటిగా రాస్తే లీగల్ సెక్షన్ వాళ్లు ఒప్పుకోరని, చట్టపరమైన రాతలో కచ్చితత్వం కావాలని కొందరు మిత్రులు వాదిస్తారు. కచ్చితత్వం కావాల్సిందే. ‘మీరు వాయిదా 5వ తేదీలోగా కట్టకపోతే మేం 500 రూపాయలు అదనంగా తీసుకుంటాం’ అన్నదానికీ, ‘గడువు మీరిన యెడల అపరాధ రుసుము విధించబడును’ అన్నదానికీ మధ్య ఏది కచ్చితమో మీరే చెప్పండి.

అప్పు కాగితం విషయంలో రిజర్వు బ్యాంకు ఓ మంచి పని చేసింది. 2024 అక్టోబరు 1 నుంచి కొత్తగా ఇచ్చే రిటైల్ రుణాలకు, అంటే వ్యక్తులు తీసుకునే అప్పులకు, సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల టర్మ్ లోన్లకు, అంటే గడువు పెట్టి ఇచ్చే అప్పులకు, ముఖ్యాంశాల పత్రం ఇవ్వాలని, అది అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలని, అందులో ఉన్నది వాళ్లకు విడమరిచి చెప్పాలని నిబంధన పెట్టింది. ఆ పత్రంలో లేని ఛార్జీని ఖాతాదారు ఒప్పుకోకుండా వసూలు చేయడానికి లేదు. కానీ అర్థమయ్యే భాష అంటే తెలుగు లిపి ఒక్కటే కాదు. ‘నూటికి రెండు రూపాయల వడ్డీ’ అంటే మా ఊళ్లో ఎవరికైనా తెలుసు. అది ఏడాదికి 24 శాతం. బ్యాంకు చెప్పే వార్షిక శాతం పక్కనే ఈ లెక్క కూడా రాస్తే, వడ్డీ వ్యాపారి దగ్గరకు వెళ్లాలో బ్యాంకుకు వెళ్లాలో రైతు నిమిషంలో తేల్చుకుంటాడు.

గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు అని ఏటా ఆగస్టు 29న దండలు వేస్తాం. ఆయన 1940లో కన్నుమూశారు. ఆయన కోరిన వాడుక భాష పత్రికల్లోకి వచ్చింది, పాఠ్యపుస్తకాల్లోకి వచ్చింది. మన డబ్బుకు సంబంధించిన కాగితంలోకి మాత్రం ఇంకా రాలేదు. ఆఫీసుల్లో తెలుగు ఎప్పుడూ చివరన వస్తుంది. ఇంగ్లిష్‌లో అంతా ఖరారై, సంతకాలు కూడా అయ్యాక అనువాదానికి పంపుతారు. ఆ అనువాదకుడికి ఖాతాదారుతో మాట్లాడే అవకాశం లేదు, వాక్యం మార్చే అధికారం లేదు. అందుకే ఇంగ్లిష్‌లో దాక్కున్న కర్త తెలుగులోనూ దాక్కునే వస్తాడు. ఉత్తరాన్ని మొదట తెలుగులో రాయండి. కౌంటర్లో కూర్చుని రోజూ జనానికి జవాబు చెప్పే ఉద్యోగి చేత రాయించండి. ‘మాస్టారూ, మీ డిశ్చార్జి కాగితం మీద ఆస్పత్రి ముద్ర లేదు. వేయించి పంపండి, డబ్బు ఇస్తాం’ అని అతను ఒక్క గుక్కలో రాసిస్తాడు.