ఏడు బొటనవేళ్ళు, ముగ్గురు మనుషులు

బ్యాడ్మింటన్ డబుల్స్‌కి కావలసింది నలుగురు. వాట్సాప్ గ్రూపులో ఉన్నది రెండొందల మంది. "రేపు ఆరింటికి కోర్టు బుక్ చేశా, ఎవరెవరు వస్తున్నారు?" అని అడ్మిన్ ఓ మెసేజ్ పడేశాడు. ఆరంటే పొద్దున్నా సాయంత్రమా అన్నది రాయలేదు. తెల్లారి ఆరింటికే వెళ్ళి తాళం వేసిన గేటు ఫొటో పెట్టినాయన కోపం ఇంకా చల్లారలేదు గానీ, ఆ సంగతి వదిలేద్దాం.

అసలు తంటా బొటనవేలితో. ఆ మెసేజ్ కింద ఏడు బొటనవేళ్ళు లేచాయి. బొటనవేలెత్తితే వస్తున్నాననా? చూశాననా? కోర్టు దొరికినందుకు అభినందనా? "కోర్టులో ఎవరివో తాళంచెవులు దొరికాయి" అన్నా, "రేపు కోర్టు సెలవు" అన్నా బొటనవేలెత్తే మహానుభావుడొకడు ప్రతి గ్రూపులోనూ ఉంటాడు. ఆయన్నీ లెక్కలో వేసుకున్నారు. ఇలా కాదని పోల్ పెట్టారు. అందులో ఒకటికి మించి జవాబులు ఎంచుకోనిచ్చే మీట మొదట్నుంచీ ఆన్‌లోనే ఉంటుంది. పెట్టేవాడే గుర్తుంచుకుని ఆపాలి. ఆపలేదు. ఒకాయన "వస్తా", "రాను" రెండూ నొక్కాడు. అదేంటన్నా అంటే, "కుదిరితే వస్తా, కుదరకపోతే రాను" అన్నాడు. తర్కంలో తప్పెక్కడుందో చెప్పండి.

ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలేసి, ఎవరి పేరు వాళ్ళే రాసుకోమని, కింద ఇద్దర్ని వెయిటింగులో పెట్టి, కోర్టు డబ్బుల్లో వాటా ముందురోజు రాత్రికే వసూలు చేస్తే ఈ గోల ఉండదు. డబ్బు కట్టినవాడు జ్వరంతోనైనా వస్తాడు. కానీ డబ్బు మాటెత్తితే గ్రూపంతా మౌనవ్రతం.

సాయంత్రం ఆరింటికి తేలింది ముగ్గురు. నాలుగో ఆయనకి ఫోను. "దారిలోనే ఉన్నా బ్రో, అయిదు నిమిషాలు!" వెనకాల బకెట్లోకి నీళ్ళు పడుతున్న చప్పుడు.

స్లాటు గంటే. సరే, ఇద్దరు ఒక పక్క, ఒక్కడు ఒక పక్క ఆడదామనుకున్నారు. దీనికో పద్ధతుంది. ఒంటరివాడి పక్క సింగిల్స్ గీతలు, 5.18 మీటర్ల వెడల్పు. జంట పక్క డబుల్స్ గీతలు, 6.1 మీటర్లు. అంటే పక్కల్లో ఉండే 46 సెంటీమీటర్ల పట్టీలు ఒక వైపు లోపల, ఇంకో వైపు బయట. ఇంతవరకూ ముగ్గురికీ అర్థమైంది. గొడవ సర్వీసు దగ్గరొచ్చింది. డబుల్స్‌లో సర్వీసు హద్దు వెనక గీతకి 76 సెంటీమీటర్లు ముందే ఆగిపోతుంది. సింగిల్స్‌లో చివరి గీత దాకా వెళ్ళొచ్చు. మరి ఒంటరివాడు జంటకి సర్వీసు చేస్తే ఏ గీత? అందుకునేది జంట కాబట్టి డబుల్స్ గీతేనని ఒకాయన. చేసేది ఒక్కడు కాబట్టి సింగిల్స్‌దేనని ఇంకొకాయన. మూడో ఆయన కోర్టు మధ్యలో కూర్చుని ఫోన్లో రూల్సు వెతకసాగాడు. మొదటాయన చెప్పిందే సబబు, షటిల్ ఎవరి పక్క పడుతుందో ఆ పక్క గీతలే చూడాలి. అది తేలేసరికి ఆరూ ఇరవై.

అప్పుడు గుర్తొచ్చింది, షటిల్ ఎవరు తెచ్చారని. ఎవరూ తేలేదు, ఎదుటివాడు తెస్తాడని. సంచి అడుగున ఒకటి దొరికింది. పదహారు ఈకలుండాల్సిన చోట పదకొండు. కొడితే నిటారుగా వెళ్ళకుండా ఊగుతూ పోయి పక్క కోర్టులో వాలేది. ప్రతిసారీ "సారీ సార్" అంటూ వెళ్ళి తెచ్చుకోవడమే ఆటయింది.

ఏడుకి అయిదు నిమిషాలుందనగా నాలుగో ఆయన దిగాడు. తలస్నానం చేసి, కొత్త గ్రిప్పు చుట్టిన రాకెట్‌తో. రాగానే మోకాళ్ళు వంచి వార్మప్ మొదలెట్టాడు. వార్మప్ లేకుండా దూకితే కండరం పట్టేస్తుందని వీళ్ళకి పాఠం కూడా చెప్పాడు. నిజమే, పట్టేస్తుంది. అది ముగిసేసరికి ఏడైంది. తర్వాతి స్లాటు వాళ్ళు వచ్చేశారు. వాళ్ళకి ఒకరు తక్కువట. ఈయన వాళ్ళతో కలిసి గంటసేపు ఆడుకున్నాడు.