నేరుగా పరీక్షకే

బ్రిటన్‌లో కొంతకాలం కారు వాడనివారు, దాన్ని రోడ్డు మీదికి తీసుకురామని వాహనాల రిజిస్ట్రేషన్లు, లైసెన్సులు చూసే, స్వాన్సీలోని డీవీఎల్ఏ కార్యాలయానికి తెలియజేసి, పన్ను కట్టకుండా సొంత ఆవరణలో పెట్టుకోవచ్చు. 1998లో వచ్చిన ఈ ఏర్పాటును అక్కడివారు సోర్న్ అంటారు. తండ్రిగారి కంటి ఆపరేషనూ, పాత ఇంటి మరమ్మతులూ ఒకేసారి మీదపడి చాలా నెలలు కాకినాడలో ఉండవలసి వచ్చినప్పుడు, రెడింగ్‌లో కాపురముంటున్న మా బావగారు తమ కారును సోర్న్‌లో పెట్టారు. మిగిలిన నెలల పన్ను చెక్కు రూపంలో ఇంటికి తిరిగి రాగా, అక్క పంపిన ఆ చెక్కు ఫోటోను ఆపరేషనైన తండ్రిగారిని చూడవచ్చిన ప్రతివారికీ చూపించి, ప్రభుత్వం దగ్గర డబ్బు వెనక్కి రాబట్టిన ఘనతను కాకినాడంతా చాటారు.

తిరిగి వచ్చేసరికి కారు ఎంఓటీ గడువు దాటిపోయింది. ఎంఓటీ అంటే బండి రోడ్డు మీద తిరగడానికి తగినదేనా అని చూసే పరీక్ష. 1960లో మొదలైనప్పుడు పదేళ్లు దాటిన వాహనాలకే ఉండేది. ఇప్పుడు కారు తొలిసారి రిజిస్టరైన మూడేళ్ల తరువాత ఏటా చేయించాలి. ఎంఓటీ లేనిదే పన్ను కట్టించుకోరు, పన్ను లేనిదే రోడ్డెక్కనివ్వరు, రోడ్డెక్కనిదే ఎంఓటీ జరగదు. ఈ చిక్కుముడికి చట్టమే ఒక కొస వదిలిపెట్టింది: ముందుగా సమయం తీసుకున్న పరీక్షకు వెళ్లడానికీ, అక్కడినుంచి తిరిగి రావడానికీ మాత్రం సోర్న్‌లో ఉన్న బండిని నడపవచ్చు. బీమా ఉండి తీరాలి, బండి నడపదగిన స్థితిలో ఉండాలి. మరో పని మీద రోడ్డెక్కితే జరిమానా 2,500 పౌండ్ల దాకా ఉంటుంది. అద్దానికి అంటించే పన్ను బిళ్లను 2014లోనే తీసేశారు కదా, ఎవరికి తెలుస్తుందిలే అనుకోవడానికి వీలులేదు. నంబరు ప్లేటు చదివే కెమెరాలకు అన్నీ తెలుసు.

చట్టం ఇంత స్పష్టంగానే ఉన్నా, దాన్ని రాసినవారికి తెలుగు ఇళ్ల సంగతి తెలిసినట్టు లేదు. మన ఇళ్లలో ఒకే పనికోసం బయలుదేరిన ప్రయాణం ఇంతవరకు నమోదు కాలేదు. బావగారు గారేజీకి ఫోన్ చేసి సమయం ఖాయం చేసుకోవడమే ఆలస్యం, అక్క వంటింట్లోంచి వచ్చి, "ఎటూ అటే వెళ్తున్నారుగా, పనిలో పనిగా కరివేపాకు, గోంగూర, 10 కిలోల సోనామసూరి పట్టుకురండి. కుమారివాళ్ల గ్రైండరు కూడా ఇచ్చేసి వస్తే ఓ పనైపోతుంది" అంది.

"మధ్యలో ఆగకూడదే! చట్టం ఒప్పుకోదు."

"కరివేపాకుకు కూడానా? వాళ్లేం తింటారో పాపం!"

బావగారు మాత్రం పట్టు సడలించలేదు. పెట్రోలు అడుగంటిందని తెలిసి, బంకు దగ్గర బండి ఆపితే ఎవరేమంటారోనని, ఆకుపచ్చ ప్లాస్టిక్ డబ్బా పుచ్చుకొని నడిచివెళ్లి తెచ్చిపోశారు. ఆ రోజు నుంచి అమలయ్యేలా బీమా తీసుకున్నారు. గారేజీ నుంచి వచ్చిన సందేశాన్ని రెండు ప్రతులు అచ్చువేయించి, ఒకటి జేబులో పెట్టుకొని, రెండోది పక్క సీటులో కూర్చున్న నా చేతికిచ్చి, "పోలీసు కనిపిస్తే ఎత్తి చూపించవోయ్" అన్నారు. అక్క చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. బండి ముందుకు కదిలి వాటిని నలిపేంతవరకు మాది సొంత ఆవరణే కాబట్టి, ఆ కార్యక్రమం పూర్తిగా చట్టబద్ధం.

దారిలో భారతీయ కిరాణా కొట్టు ఎదురైంది. గుమ్మం పక్కన గోంగూర కట్టలు, లోపల గోడవారగా బియ్యం బస్తాలు. సిగ్నల్ ఎర్రగా ఉండటంతో కారు సరిగ్గా దాని ఎదుటే ఆగింది. బావగారు కొట్టువైపు తల తిప్పలేదు. తల తిప్పడం కూడా ప్రయాణ ఉద్దేశాన్ని మార్చడమే అవుతుందన్నట్టు ఎర్రలైటునే చూస్తూ కూర్చున్నారు.

గారేజీలో తాళాలు ఇచ్చాక, పరీక్షకు గంట పడుతుందని చెప్పారు. అప్పుడు ఆయన ముఖం వెలిగింది. నిషేధం కారుకే గాని కాళ్లకు లేదు! ఇద్దరం ఆ కొట్టుకు నడిచివెళ్లాం. బియ్యం బస్తా నా భుజానికి, ఆకుకూరలు ఆయన సంచికి ఎక్కాయి. సరుకుతో పరీక్ష నుంచి నేరుగా ఇంటికి వెళ్తే అడిగేవాడెవడని దారిపొడుగునా వాదించారు. వాదనలో తప్పు నాకూ కనిపించలేదు. బస్తా బరువుగా ఉండటం వల్ల ఎక్కువసేపు వెతకలేదు కూడా.

గారేజీలో కారు ఇంకా లిఫ్టు మీదే ఉంది. తనిఖీదారు మమ్మల్ని కిందికి పిలిచి, టార్చి వేసి వెనకటైరు లోపలివైపు చూపించాడు. బయటి నుంచి నవనవలాడుతున్న ఆ టైరుకు, లోపలివైపు కోడిగుడ్డంత ఉబ్బు, దాని మీద రబ్బరు చిట్లి బయటపడిన తీగలు. 2018 నుంచి లోపాలను చిన్నవి, పెద్దవి, ప్రమాదకరమైనవి అని విడదీస్తున్నారు. ఇది మూడో రకం. చిన్నదైతే పరీక్ష నెగ్గేది, పెద్దదైతే మరమ్మతుకైనా తీసుకెళ్లగలిగేవాళ్లం. ప్రమాదకరమని రాశాక, బాగుచేయనిదే బండిని నడుపుకుంటూ గారేజీ గడప దాటకూడదు. ఆ కొలత టైరు మర్నాటికి గాని రాదట.

ఇంటికి బస్సులో వచ్చాం. బస్తా భుజాన వేసుకొని నిలబడ్డ నన్ను చూసి ఒక పెద్దావిడ లేచి చోటివ్వబోయింది. అక్క తలుపు తీసి, మా వెనుక కారు కోసం చూసి, బియ్యం వైపు చూసి, "మధ్యలో ఆగకూడదన్నారుగా?" అంది. బావగారు సమాధానం చెప్పకుండా చెప్పులు విప్పుకున్నారు.

మర్నాడు కొత్త టైరుతో కారు నెగ్గింది. బండిని అక్కడే వదిలి బాగుచేయించుకున్నందున మళ్లీ పరీక్షించడానికి రుసుము అడగలేదు. ఇక పన్ను కట్టేస్తే ఊరంతా తిరగవచ్చు. అక్క గ్రైండరు గుమ్మంలో సిద్ధంగా పెట్టింది. అంతలో బావగారికి ఒక సంగతి గుర్తొచ్చింది: పన్ను ఏ తేదీన కట్టినా, ఆ నెల మొదటి తేదీ నుంచే లెక్కవేస్తారు. అది నెలాఖరు. రెండు మూడు రోజుల కోసం నెల పన్ను ధారపోయడానికి ఆయనకు చేతులు రాలేదు. కారును పరీక్ష నుంచి నేరుగా, చట్టబద్ధంగా ఇంటికి తెచ్చి, యథాస్థానంలో పెట్టేశారు.

అక్క గ్రైండరును సంచిలో పెట్టుకొని బస్సుకు బయలుదేరింది. ఆవిడ వీధి మలుపు తిరగకముందే బావగారు గుమ్మంలోకి వచ్చి గట్టిగా కేక వేశారు: "ఎటూ అటే వెళ్తున్నావుగా, పనిలో పనిగా కారు కడిగే సబ్బు కూడా పట్టుకురా!"