వాల్వుకు బుద్ధి వస్తే మా వీధి ఏమైపోవాలి?

హీరో గారికి జలుబు చేస్తే అరపేజీ వార్త వస్తుంది. నగరాల నీటి గొట్టాల్లో నీళ్లను వదిలి, ఆపే వాల్వులు చేసి అమ్మే కంపెనీ తనంతట తానే తిరిగే స్మార్ట్ వాల్వు తెస్తే అక్షరం ముక్క రాదు. ఈ నిర్లక్ష్యం దేశానికి చేటు. హీరో గారి జలుబు వల్ల విశాఖపట్నంలో ఎవరి బిందె కూడా ఖాళీగా మిగిలిపోదు. వాల్వు సంగతి అలా కాదు. అందుకే కొంతకాలంగా ఆ కంపెనీల ప్రకటనలను శ్రద్ధగా చదువుతున్నాను. చదివిన కొద్దీ టెన్షన్ పెరుగుతోంది.

ఉదాహరణకు, లోపలా బయటా 250 మైక్రాన్ల మందాన, అంటే పావు మిల్లీమీటరు, ఎపాక్సీ అనే ప్లాస్టిక్ లాంటి పూత వేశాం, తుప్పు పట్టదు అంటారు. సరే, పట్టకపోతే పోనీ. లోపలి తలుపుకు రబ్బరు తొడుగు వేశాం, మూస్తే చుక్క కూడా కారదు అంటారు. ఇక్కడే నాకు అభ్యంతరం. తలుపు పైకీ కిందికీ జరిగే పాత రకం వాల్వులో (స్లూయిస్ వాల్వు అంటారు) అడుగున ఒక గాడి ఉంటుంది. ఇసుకా రాళ్ల ముక్కలూ అందులో చేరితే తలుపు పూర్తిగా దిగదు. దాంతో వాల్వు మూసేశాక కూడా నీళ్లు సన్నగా వస్తూనే ఉంటాయి. ఆ సన్నటి ధార మీదే మా సందు చివరి టీ కొట్టులో గ్లాసులు కడుగుతారు, ఇద్దరు ఆటోవాళ్లు మొహం కడుక్కుంటారు, వీధి కుక్కలు దాహం తీర్చుకుంటాయి. ఏ ప్రభుత్వం మారినా ఆగని సంక్షేమ పథకం ఇది. దాన్ని రబ్బరు పెట్టి ఆపేస్తారట!

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది 2,500 అనే అంకె. యూరప్ ప్రమాణం ప్రకారం ఈ రకం వాల్వును 2,500 సార్లు తెరిచి, మూసి పరీక్షించాలి. కంపెనీలు దీన్ని ఘనంగా చెప్పుకుంటాయి. రోజంతా నీళ్లుండే ఊళ్లో వాల్వుకు పనేముంటుంది? ఎక్కడో గొట్టం పగిలితే మూస్తారు. లేదంటే బిగుసుకుపోకుండా ఏడాదికోసారి తిప్పి చూస్తారు. ఆ లెక్కన 2,500 సార్లు పూర్తి కావాలంటే 2,500 ఏళ్లు పడుతుంది. బుద్ధుడి కాలంలో బిగించిన వాల్వును ఇప్పుడు మార్చాలన్నమాట. మా వీధిలో అలా కాదు. రోజూ తెరవాలి, రోజూ మూయాలి. ఏడేళ్లు నిండకుండానే కోటా అయిపోతుంది. పొద్దునా సాయంత్రమూ వదిలితే మూడున్నరేళ్లు కూడా రాదు. ఇప్పుడు చెప్పండి, వాల్వులు అమ్ముకునేవాడికి ఎవరు మంచి బేరం? అయినా ఈ కంపెనీలే 24 గంటల నీటి సరఫరాను తెగ పొగుడుతుంటాయి. కూర్చున్న కొమ్మను ఇంత నాణ్యమైన రంపంతో నరుక్కునేవాళ్లను నేనింకెక్కడా చూడలేదు.

ఇక వాల్వు తిప్పే ఆయన సంగతి. కంపెనీ ప్రకటనల్లో ఆయన పేరే ఉండదు. 'మనిషి జోక్యం లేకుండా' అని ఉంటుంది. ఆ జోక్యం ఎంత విలువైనదో చూడండి. ఆయన పొడుగాటి ఇనుప కీ భుజాన వేసుకుని వస్తారు, దాన్ని వాల్వు ఉన్న గోతిలోకి దించి చుట్లు లెక్కపెడుతూ తిప్పుతారు. ఈలోగా ఎవరో ఒకరు పలకరిస్తారు. "ఏటి బాబూ, మీ పాపకి సంబంధం కుదిరిందేటి?" ఒక చుట్టు ఆగుతుంది. "నిన్న నీళ్లు ఎర్రగా వచ్చేయి, ఏటి కత?" ఇంకో చుట్టు ఆగుతుంది. వాల్వు మూతపడేసరికి వీధి సమాచారమంతా చేతులు మారుతుంది.

దీన్ని జాప్యం అంటారు తెలియనివాళ్లు. భౌతికశాస్త్రం మాత్రం ఆయన పక్షాన ఉంది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో నికొలాయ్ జుకోవ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రవేత్త మాస్కో నీటి గొట్టాల మీద ప్రయోగాలు చేసి ఒక సంగతి తేల్చాడు. పరుగెత్తే నీటిని టక్కున ఆపితే గొట్టంలో ఒత్తిడి తన్నుకొస్తుంది. ఇనుప గొట్టంలో సెకనుకు ఒక మీటరు వేగంతో పోయే నీటిని ఒక్కసారిగా ఆపితే పెరిగే ఒత్తిడి దాదాపు 100 మీటర్ల ఎత్తు నీటి బరువుకు సమానం. ఆ దెబ్బకు జాయింట్లు ఊడతాయి, గొట్టాలు చీలతాయి. ఇంజనీర్లు వాటర్ హామర్ అనేది దీన్నే. కాబట్టి వాల్వును నెమ్మదిగా మూయాలి. మా వీధి గొట్టాలు ఇన్నాళ్లుగా పగలకుండా ఉన్నాయంటే అది మా పిన్నిగార్ల కబుర్ల పుణ్యమేనని నేను శాస్త్రీయంగా నమ్ముతున్నాను. మోటారుతో తిరిగే కొత్త వాల్వుకు ఎంత నెమ్మదిగా మూసుకోవాలో ముందే సెట్ చేసి పెడతారట. పాపకి సంబంధం కుదిరిందో లేదో చెప్పే ఏర్పాటు మాత్రం అందులో కనిపించలేదు.

ఒత్తిడి తగ్గించే వాల్వు అని ఇంకొకటి ఉంది. చూడటానికి అమాయకంగా ఉంటుంది. లోపల ఒక స్ప్రింగూ, ఒక రబ్బరు పొరా ఉంటాయి. కరెంటు కూడా అక్కర్లేదు. ఎగువ నుంచి ఎంత జోరుగా వచ్చినా, దిగువకు మనం చెప్పినంత ఒత్తిడితోనే వదులుతుంది. కొండలూ సముద్రమూ పక్కపక్కనే ఉన్న మన విశాఖకు ఇది వరమంటారు. తాటిపూడి, మేఘాద్రిగెడ్డ, రైవాడ రిజర్వాయర్ల నుంచో, ఏలేరు కాలువ మీంచో అంత దూరం నడిచొచ్చిన నీరు పల్లపు ఇళ్లలో ఎగిరి దూకుతుంది. కొండవాలు ఇంటికి చేరేసరికి కొళాయిలోంచి గాలి మాత్రం ఈల వేస్తుంది. పల్లంలో కాస్త బిగిస్తే మెరకకూ మిగులుతుందని కంపెనీ వాదన.

వినడానికి బాగానే ఉంది. కానీ పల్లంలో మేడ కట్టుకున్నాయన "మోటారు లేకుండానే పై ట్యాంకు నిండుతుంది" అని చెప్పి అద్దె వెయ్యి ఎక్కువ అడుగుతున్నారు. ఆ వెయ్యి ఏ స్ప్రింగు ఇస్తుంది? మెరకనున్నాయన అప్పు చేసి కొళాయికే మోటారు తగిలించారు. పక్కింటాయన అది చూసి అంతకు రెట్టింపు హార్స్‌పవర్ కొన్నారు. ఇలా పైసా పైసా కూడబెట్టి సాధించుకున్న అసమానతను ఒక రబ్బరు పొర చేతిలో పెట్టమంటారా? పైగా మోటారు అలా లాగితే గొట్టంలో శూన్యం పుట్టి, చీలికల్లోంచి పక్కనున్న మురుగు కాలువ సారం కూడా కాస్త లోపలికి వస్తుంది. ఇన్ని ఖనిజాలు కలిపిన నీళ్లు బజార్లో సీసాకి ఎంతవుతాయో కనుక్కోండి.

24 గంటల సరఫరా అంటే ఏమిటో చూడాలంటే విదేశాలకు పోనక్కర్లేదు. పూరీలో 2021 నుంచి కొళాయి తిప్పి తాగే నీళ్లిస్తున్నారు. మనకు ఒక రాత్రి రైలు ప్రయాణం. జగన్నాథుడి దర్శనానికి వెళ్లిన మా బంధువులు అర్ధరాత్రి గదిలో కొళాయి తిప్పి చూశారు. నీళ్లొస్తున్నాయి. వెంటనే ఉన్న బకెట్లూ మగ్గులూ చివరికి టిఫిన్ క్యారేజీ కూడా నింపుకుని, అప్పుడు నిశ్చింతగా పడుకున్నారు. సంస్కారం అంటే అది. బ్రాహ్మీ ముహూర్తంలో లేవండని ఎన్ని ప్రవచనాలు చెప్పినా కదలని జాతిని తెల్లవారుజామున నిలబెట్టింది కొళాయి ఒక్కటే. అంటే ఆడవాళ్లను నిలబెట్టింది. మగవాళ్లం నిద్రలోంచే "వచ్చేయా?" అని అడుగుతాం.

అసలు కొత్త వాల్వు పెట్టాలన్నా పాతది దొరకాలి కదా. రోడ్డు మీద రోడ్డు వేయగా వేయగా కొన్ని గోతులు తారు కింద కలిసిపోయాయి. అవెక్కడున్నాయో ఎప్పుడో రిటైరైన ఒకాయనకే తెలుసు. ఇది ఇంజనీర్ల పని కాదు, పురావస్తు శాఖ పని. వాళ్లకు మన ఊళ్లో అనుభవముంది. తొట్లకొండ మీద తవ్వి రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధారామాన్ని, రాతిలో తొలిచిన నీటితొట్లతో సహా బయటపెట్టారు. వాన పడితే నిండేవి, భిక్షువులు ముంచుకునేవాళ్లు. అంత మెరకన ఉండి కూడా ఆ భిక్షువులు పల్లపు వీధివాళ్లతో తగాదా పడినట్టు నేనెక్కడా చదవలేదు. వాల్వు లేకపోవడమే కారణం అయ్యుండాలి.

ఇంత చెప్పినా స్మార్ట్ వాల్వే పెడతామంటే మా వీధి తరఫున కొన్ని షరతులున్నాయి. బతిమాలితే వాల్వు వినాలి. "ఇంకో రెండు చుట్లు వదులు నాయనా, చుట్టాలొచ్చేరు" అంటే చుట్టాలు నిజంగా వచ్చారా అని సెన్సర్లతో ఆరా తీయకూడదు. దసరా మామూలు ఫోన్‌పేలో తీసుకోవాలి, తీసుకున్నాక ఏడాదంతా గుర్తుంచుకోవాలి. కార్పొరేటర్ గారు ఫోన్ చేస్తే "ఇప్పుడే చూస్తానండీ" అనాలి, చూడకపోయినా పర్లేదు. పెళ్లివారి వీధికి అరగంట ఎక్కువ వదలాలి, ఆ అరగంట ఏ వీధికి తగ్గించిందో యాప్‌లో చూపించకూడదు. వీటికి ఒప్పుకునే కంపెనీ ఉంటే కొటేషన్ పట్టుకుని రావచ్చు. సాయంత్రం రండి. పొద్దున్నే నీళ్లొచ్చే వేళ మేం ఎవరికీ తలుపు తీయం.