పన్ను సరే, రక్షణ ఏదీ?

క్రిప్టో కరెన్సీ మోసమా? సీమ జిల్లాల్లో ఈ మాట అడుగుతున్నవాళ్లలో చాలామందికి దాని వెనకున్న బ్లాక్‌చెయిన్ సాంకేతికత గొడవ అక్కర్లేదు. పెట్టిన డబ్బు తిరిగొస్తుందా లేదా అన్నదే వాళ్ల బెంగ.

2009లో మొదలైన తొలి క్రిప్టో కరెన్సీ బిట్‌కాయిన్ తనంతట తాను మోసం కాదు. 2.1 కోట్ల నాణేలకు మించి పుట్టవన్న నియమం, లావాదేవీలన్నీ ఎవరైనా చూడగలిగే ఖాతా ఉన్నమాట నిజమే. అలాగని అది డబ్బు కూడా కాదు. 2021 నవంబరులో 69 వేల డాలర్లకు చేరిన ఒక్కో నాణెం ధర ఏడాది తిరిగేసరికి 16 వేలకు దిగింది. దాన్ని నమ్ముకుని వేరుశనగ విత్తనాల అప్పు ఎవరు లెక్క కడతారు?

రూపాయి కడిగిన ముత్యమని మేం అనడం లేదు. ధరలు పెరిగేకొద్దీ దాని బలం తరుగుతూనే ఉంది. 2016 నవంబరు 8 రాత్రి పెద్దనోట్లు రద్దు చేశాక బ్యాంకుల ముందు జనం పడ్డ పాట్లు ఎవరూ మరిచిపోలేదు. అయినా రూపాయికి జవాబు చెప్పాల్సినవాళ్లు ఉన్నారు. నోటు మీద రిజర్వు బ్యాంకు గవర్నరు హామీ ఉంది, బ్యాంకు మునిగితే డిపాజిట్‌కు 5 లక్షల దాకా బీమా ఉంది. చీటీ నడిపే మనిషి ఇల్లయినా ఊళ్లో తెలుసు. క్రిప్టో కొని అమ్మే ఆన్‌లైన్ వేదిక, అంటే ఎక్స్‌ఛేంజ్, మునిగితే ఎవరి గడప తొక్కాలి? 2024 జులైలో వజీర్‌ఎక్స్ అనే ఎక్స్‌ఛేంజ్ నుంచి దాదాపు 2 వేల కోట్ల రూపాయల విలువైన క్రిప్టో హ్యాకర్ల పాలైంది. ఖాతాదారులు తమ నాణేలను ఏడాదికి పైగా తీసుకోలేకపోయారు.

ఇంతకన్నా మమ్మల్ని కలవరపెడుతున్నది వేరే ఉంది. క్రిప్టో పేరుతో సామాన్యులకు అంటగడుతున్నది చాలాసార్లు బిట్‌కాయిన్ కానే కాదు, ఆ పేరు తగిలించుకున్న గొలుసుకట్టు పథకం. నెలనెలా నూటికి పది అంటారు, ఇంకొకరిని చేర్పిస్తే కమీషన్ అంటారు. ఏజెంటు మన బంధువే అయి ఉంటాడు. డిపాజిట్లు సేకరించి ముంచిన అగ్రిగోల్డ్‌లో 30 లక్షల మందికి పైగా ఇరుక్కున్నదీ తెలిసినవాళ్ల మాట మీదే. దీన్ని అత్యాశ అని తీసిపారేయడం అన్యాయం. వానలేక పంట పోయి, బోరులో నీళ్లు పడక అప్పు పెరిగిన ఇంట్లో నెలకు నూటికి పది అన్న మాట ఎంత బలంగా వినిపిస్తుందో అనంతపురం జిల్లాలో వేరే చెప్పక్కర్లేదు.

కేంద్రం ఇన్నేళ్లుగా చేసిందేమిటి? బ్యాంకులు క్రిప్టో జోలికి పోరాదని 2018లో రిజర్వు బ్యాంకు ఆంక్ష పెట్టింది. 2020 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2021లో బిల్లు తెస్తామన్నారు, సభ ముందుకే రాలేదు. 2022 బడ్జెట్‌లో మాత్రం లాభంపై 30 శాతం పన్ను, లావాదేవీపై ముందే కోసుకునే 1 శాతం పన్ను (టీడీఎస్) వచ్చేశాయి. ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని మరో కాయిన్ లాభంలోంచి తీసేసుకోవడానికీ వీల్లేదు. ఖజానాకు రాబడి కావాల్సినప్పుడు కనిపించిన క్రిప్టో, మదుపరికి రక్షణ కావాల్సినప్పుడు ఎందుకు కనిపించదు?

ఖాతాదారుల సొమ్మును ఎక్స్‌ఛేంజీలు విడిగా ఉంచేలా, ఏటా ఆడిట్ జరిగేలా, ఫిర్యాదు వినే అధికారి ఉండేలా పార్లమెంటు చట్టం చేయాలి. అంతదాకా జిల్లా యంత్రాంగం చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు. అనధికార డిపాజిట్లను నిషేధించే 2019 నాటి చట్టం చేతిలోనే ఉంది. కర్నూలులోనో, ప్రొద్దుటూరులోనో ఏజెంట్లు ఫంక్షన్ హాలు తీసుకుని జనాన్ని పోగుచేసిన రోజే పోలీసులు అక్కడికి వెళ్లాలి, కంపెనీ బోర్డు తిప్పేశాక కాదు. ఇప్పటికే డబ్బు పంపి మోసపోయినవాళ్లు పరువు పోతుందని దాచుకోకుండా వెంటనే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి.