మోకాలు వాచిందంటే అరుగుదలేనా?

బెంగళూరు వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో తెలుగువారు తరాలుగా ఉన్నారు. అనంతపురం, కర్నూలు, పాలమూరుల నుంచి వచ్చి పునాదులు తవ్వేవారు, లేఅవుట్ల కోసం కంప నరికేవారు, పార్కుల్లో గడ్డి కోసేవారు సరేసరి. వీరిలో ఎవరికి మోకాలు వాచినా డాక్టరు చెప్పేది ఒకటే: బరువులు మోసి అరిగిపోయింది. చీటీ మీద నొప్పి మాత్రలు ఎక్కుతాయి. ఏం పని చేస్తావు, గోమారి (రక్తం పీల్చే పిడుదు పురుగు) కుట్టిందా అని అడిగేవారు అరుదు.

గోమార్ల బాధ పశువులకే అనుకుంటాం. అమెరికాలోని లైమ్ పట్టణ పరిసరాల్లో 1970లలో పిల్లలకు గుంపుగా కీళ్ళు వాచినప్పుడు ఆరా తీస్తే, చివరికి దోషిగా తేలింది గోమారే. దాని కాటుతో ఒంట్లో చేరిన బొర్రీలియా బ్యాక్టీరియాకు మందు పడకపోతే నెలల తరువాత కీళ్ళలో, ఎక్కువగా మోకాలిలో, తిష్ఠ వేస్తుంది. నీరు చేరుతుంది, మృదులాస్థి దెబ్బతింటుంది. తొలిదశలో డాక్సీసైక్లిన్ లాంటి చవక మందు రెండు మూడు వారాలు వాడితే సాధారణంగా నయమయ్యే జబ్బు ఇది. ఆలస్యమైతే, బ్యాక్టీరియా చచ్చినా కొందరికి వాపు నెలల తరబడి తగ్గదు.

ఆ పట్టణం పేరే పెట్టిన ఈ లైమ్ జబ్బు మన దగ్గర విస్తరించిందని మేము అనడం లేదు. బెంగళూరులో కీళ్ళు పట్టేస్తే ముందు అనుమానించాల్సింది చికున్‌గున్యానే. కానీ నాగరహొళె, బందీపుర అటవీ ప్రాంతాలవారి రక్తంలో లైమ్ యాంటీబాడీలు కనిపించాయి. అవి జబ్బుకు రుజువు కావు, వెతకడానికి మాత్రం చాలు. ఇక 1957లో శివమొగ్గ జిల్లాలో బయటపడిన క్యాసనూరు అటవీ జ్వరం అచ్చంగా కర్ణాటక గోమార్ల వైరసే. అది కీళ్ళను తినదు గానీ ఒళ్ళు హూనం చేస్తుంది, ప్రాణాలూ తీస్తుంది. 2012 చివర్లో బందీపురలో కోతుల కళేబరాలు తగలబెట్టే పనికి దిగినవారికే అది సోకింది. పనే కారణమనడానికి ఇంకేం సాక్ష్యం కావాలి?

చట్టం ఈ మాట ఎప్పుడో ఒప్పుకుంది. 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం (2025లో దాని స్థానంలోకి సామాజిక భద్రతా కోడ్ వచ్చింది) మూడో షెడ్యూలులో, సోకే ప్రమాదం ఉన్న పనుల్లో వచ్చే అంటువ్యాధులు వృత్తి వ్యాధులుగానే ఉండేవి. అయితే నియామక పత్రం కూడా లేని దినకూలీ, ఆరు నెలల కిందటి కాటును ఎవరి ముందు నిరూపించాలి? గుత్తేదారు మస్టరు రోలులో హాజరుతో పాటు కాటు, జ్వరం కూడా రాయించాలి. పొదల్లోకి దించే ముందు బూట్లు, నిండు చేతుల చొక్కా, గోమారిని తల దగ్గర పట్టి లాగే పట్టకారు ఇవ్వాలి. కిరసనాయిలు పోయడం, బీడీతో కాల్చడం మానిపించాలి. ఈఎస్ఐ డిస్పెన్సరీల ఓపీ చీటీలో రోగి చేసే పనికి ఒక గడి పెట్టడానికి ప్రభుత్వానికి పైసా అదనపు ఖర్చు కాదు. వచ్చే వేసవికి ముందే ఆ పని జరగాలి.